పిట్టలు తాకని పొద

ఉత్తరాలు మూడూ ఒకే వారంలో వచ్చాయి. మూడు ఊళ్ళలో మూడు తోటలు, ఒకరితో ఒకరికి మాటామంతీ లేనివాళ్ళు. అందరిదీ ఒకటే మాట. మీరు పంపిన పొదల పళ్ళన్నీ పిట్టలు తినేశాయి. మొదటివాళ్ళు తొమ్మిది రోజులు పట్టిందన్నారు. రెండోవాళ్ళు ఆరన్నారు. మూడోవాళ్ళు రోజులు కూడా లెక్కపెట్టలేదు, "చూస్తుండగానే" అని రాసి ఊరుకున్నారు. ఆ ఒక్క మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళ పనికి వాళ్ళు చేసిన మర్యాద అది.

నేను ఒక పెద్ద నర్సరీలో కొత్త మొక్కలు పుట్టించే పని చేస్తాను. ఒక పొద పువ్వులో పుప్పొడిని సన్న కుంచెతో తీసి ఇంకో పొద పువ్వుకి అంటించాలి. తేనెటీగలు వచ్చి పెత్తనం చెయ్యకుండా ఆ పువ్వుకి కాగితం సంచి కట్టాలి. వచ్చిన గింజలు నాటి, మొలిచిన వందల పిల్లల్లో ఏది పనికొస్తుందో ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండాలి. చెప్పుకుంటే ఇంతే. చేసేసరికి జుట్టు నెరుస్తుంది. నాది నెరిసింది.

నాది అలంకారపు పొద, ఇళ్ళముందు పెట్టుకునే రకం. పువ్వు ఏమంత చెప్పుకోదగ్గది కాదు, అందమంతా పళ్ళలోనే. చలికాలంలో ఆకులన్నీ రాలి తోట బోసిపోయినప్పుడు, కొమ్మల చివర పూసలంత పళ్ళు గుత్తులు గుత్తులుగా నిలబడాలి. అలాంటి పొదలు లోకంలో కావలసినన్ని ఉన్నాయి. అన్నిటికీ ఒకటే పీడ, పిట్టలు. జనం ముచ్చటపడి కొని, రెండేళ్ళు పెంచి, పళ్ళకి రంగొచ్చిందని నలుగురికీ చూపించుకునేలోపు ఒక పొద్దున గుంపు దిగుతుంది. మధ్యాహ్నానికి పుల్లలు మిగులుతాయి. మళ్ళీ ఆ మనిషి మా నర్సరీ గుమ్మం తొక్కడు. పిట్టలు ముట్టని పళ్ళు కాసే పొదని ఎవరు పుట్టిస్తే వాళ్ళ పంట పండినట్టే.

దానికి నేను పెట్టుకున్న పద్ధతి మొరటుదే కానీ అందులో మోసం లేదు. ప్రయోగాల మడిలో ఆరువందల మొక్కలు. వల కప్పను, కాపలా పెట్టను, గుడ్డపీలిక కూడా వేలాడదీయను. చలికాలం రాగానే పిట్టలకి విందు వదిలేస్తాను. ఏ పొదని అవి ఖాళీ చేస్తే దాని మొదట్లో తెల్ల రిబ్బన్ కడతాను. రిబ్బన్ పడ్డదాన్ని చలి తగ్గగానే వేళ్ళతో సహా పీకించి తగలబెట్టిస్తాను. జాలిపడి ఉంచితే దాని పుప్పొడి వెళ్ళి మంచివాటిని పాడుచేస్తుంది. అంటే ఇక్కడ పరీక్ష పెట్టేవి పిట్టలే, నేను మార్కులు రాసుకునే గుమాస్తాని.

ఎనిమిదేళ్ళు తిరిగేసరికి ఆరువందలు నలభై అయ్యాయి. ఆ తర్వాత మూడు చలికాలాల్లో నలభై కాస్తా ఒకటైంది. ఆ ఒక్కటీ నూట పద్నాలుగో నంబరు.

దాని పళ్ళు మొదట పాలరంగులో ఉంటాయి. చలి ముదిరేకొద్దీ ఎండ తగిలే వైపునుంచి గులాబీ ఎక్కి, చివరికి చిక్కటి వంగపండు రంగుకి తిరుగుతాయి. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపించే రోజులు పది పదిహేను ఉంటాయి. ఆ రోజుల్లో నేను మడిలోకి వెళ్ళి ఊరికే నిలబడేదాన్ని. చుట్టూ పొదలన్నీ పుల్లలై ఉండేవి, ఇది మాత్రం నిండుగా. వరసగా మూడేళ్ళు నా నోట్‌బుక్కులో దాని ఎదురుగా ఒకటే మాట రాశాను. ఒక్క పండూ పోలేదు.

అంతకుముందు ఏడు అది సగం పోయింది. ఆ సంగతీ నా చేత్తోనే రాసి ఉంది. సగం ఇచ్చుకున్న పొద మరుసటేడునుంచి ఒక్క పండూ ఇవ్వకపోవడమేమిటని నాకు అనుమానం రాలేదా? వచ్చింది. సమాధానం కూడా నేనే చెప్పుకున్నాను. పొద వయసుకొచ్చింది, వయసొచ్చాక పండు తోలులో చేదు పెరుగుతుంది, అని. ఒక పండు కొరికి చూశాను కూడా. చేదుగానే ఉంది. చేదుగా ఉండాలని కోరుకుని కొరికితే ఏ పండైనా చేదుగానే ఉంటుంది. ఆ సిద్ధాంతం మీద తోటపని పత్రికకి నాలుగు పేజీల వ్యాసం రాశాను. ఫొటోతో సహా అచ్చేశారు. పొదదీ, నాదీ.

మా యజమానిని అందరూ అల్లుడుగారంటారు. ఆయనకి యాభై నాలుగేళ్ళు. అల్లుడిగా తెచ్చుకున్న పెద్దాయన కన్నుమూసి తొమ్మిదేళ్ళయింది. అయినా ఈయన అల్లుడుగారే, ఎదురుగా ఉన్నప్పుడు తప్ప. మొక్కలు పుట్టించే విభాగం పెద్దాయన సరదాపడి పెట్టింది. అల్లుడుగారికి అదంటే చెప్పులో రాయి. తయారైన మొక్కలు లారీల్లో దిగుతుంటే ఇంకా పుట్టించడమేమిటని ఆయన బాధ. "పదకొండేళ్ళమ్మా! పిల్లనైతే ఈపాటికి హైస్కూలుకి పంపేవాళ్ళం" అనేవారు. చివరికి ఒక మాట మీదకి వచ్చారు. నూట పద్నాలుగో నంబరు పొద కొమ్మలకి వేళ్ళు పట్టించి, ఆ మొక్కల్ని మూడు బయటి తోటలకి పంపాలి. అక్కడ చలికాలమంతా పళ్ళు నిలిస్తే పొదని అమ్మకానికి తెస్తారు, విభాగం ఉంటుంది. నిలవకపోతే విభాగం మూత, మడి చదును చేసి లారీలకి చోటు, నేను ముందు కౌంటర్లో కూర్చుని కుండీలు అమ్ముకోవాలి. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. అప్పటికే రెండేళ్ళు ఒక్క పండూ పోని పొదకి భయమేమిటి?

ఇప్పుడు మా ఆయన గురించి చెప్పాలి. ఆయన ఆ నర్సరీలోనే వాచ్‌మన్. ఇరవై ఏళ్ళు లారీ నడిపారు. నడుం పట్టేశాక డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. అప్పుడు నేనే పెద్దాయన్ని అడిగి గేటు దగ్గర ఉద్యోగం వేయించాను. సాయంత్రం అయిదింటికి ఎక్కితే పొద్దున ఎనిమిదింటికి దిగుతారు. నేను ఎనిమిదిన్నరకి బయల్దేరి నాలుగున్నరకి తిరిగొస్తాను. ఒక ఇంట్లో కాపురం చేసే ఇద్దరు షిఫ్టు కార్మికులం మేము. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆయనకున్నది ఒకే ఒక్క వేళాకోళం. ఎప్పుడైనా ఆలస్యమై గేటు దగ్గర ఎదురుపడితే అటెన్షన్‌లో నిలబడి "నమస్తే మేడంగారూ" అని సెల్యూట్ కొట్టేవారు. పనివాళ్ళు పకపకా నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

మొదట్లో ఆయన అడిగేవారు. "ఆ పువ్వులకి సంచులెందుకు?" "ఆ తెల్ల రిబ్బన్లేమిటి?" అని. "అదంతా పెద్ద కథ, మీకు అర్థం కాదు లెండి" అనేదాన్ని. రోజంతా నిలబడి వచ్చిన అలసట కొంత ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ నిజం చెప్పాలంటే, ఆయనకి తెలియనిది ఒకటి నా దగ్గర ఉండటం నాకు బాగుండేది. కొన్నాళ్ళకి ఆయన అడగడం మానేశారు. మానేశారని కూడా నేను గమనించలేదు.

గొడవలు మాత్రం పడ్డాం. మూడేళ్ళుగా చలికాలం వస్తే ఆయన సెలవు పెట్టరు. ఆదివారం లేదు, జ్వరం లేదు. వాళ్ళ చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా రాలేదు. "నువ్వెళ్ళి రా, నాకు కుదరదు" అన్నారు. నేను ఒక్కదాన్నే వెళితే వచ్చినవాళ్ళందరూ మేనమామ ఏడీ, మేనమామ ఏడీ అని. జ్వరమని అబద్ధం చెప్పి మొహం చెల్లక రెండో రోజే తిరిగొచ్చేశాను. "గేటుకి తాళం వేస్తే ఎవరూ ఎత్తుకుపోరు, ఆ గేటుని మీరు పెళ్ళాడారా?" అని దులిపేశాను. ఆయన నవ్వారు. ఆ నవ్వుకి ఇంకా మండింది.

ఉత్తరాలు పట్టుకుని ఇంటికొచ్చేసరికి ఆయన వంటింట్లో నిలబడి టీ తాగుతూ యూనిఫారం గుండీలు పెట్టుకుంటున్నారు. నేను కాగితాలు బల్లమీద పడేశాను.

"పోయింది" అన్నాను.

"ఏం పోయింది?"

"నూట పద్నాలుగు. మూడు చోట్లా పిట్టలు తినేశాయి. ఒక్క పండు లేదు."

ఆయన గ్లాసు కింద పెట్టి ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత, నమ్మండి నమ్మకపోండి, ఆయన మొహం తేటపడింది.

"ఇంతేనా? ఏదో తెగులు పట్టిందేమో అనుకుని హడలిపోయాను."

"ఇంతేనా అంటారేమిటండీ?"

"పిచ్చిదానా, అక్కడ తోలేవాడెవడున్నాడు?"

నాకు అర్థం కాలేదు. తోలడమేమిటి అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నడుం నొప్పి వల్ల ఆయన డ్యూటీకి ముందు ఎప్పుడూ కూర్చోరు, లేవడం కష్టమని. ఆ రోజు కూర్చున్నారు.

"నీకు చెప్పకూడదనుకున్నాను. చెబితే గొప్పలు పోయినట్టుంటుంది" అని మొదలుపెట్టారు. "మూడేళ్ళ కిందట చలికాలంలో నువ్వు ఇక్కడే, ఈ గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చావు. గుర్తుందా? రెండు రోజులు నీకు ముద్ద దిగలేదు. నూట పద్నాలుగు కూడా సగం పోయింది, అది కూడా పోతే నా పని అయిపోయినట్టే అన్నావు. అప్పుడే అనుకున్నాను. మొక్కల సంగతి నాకు తెలియదు. కాపలా కాయడం నా ఉద్యోగమే కదా. మరుసటి చలికాలంనుంచి తెల్లవారుతుండగా ఒక స్టూలు, పాత రంగుడబ్బా, కర్ర పట్టుకుని దాని పక్కన కూర్చునేవాణ్ణి. వెలుగు రాగానే దిగుతాయి వెధవలు. మళ్ళీ పొద్దు గుంకేముందు ఒకసారి. పగలు ఎలాగూ మనుషులు తిరుగుతుంటారు, దగ్గరికి రావు. ఆ రెండు పూటలూ చూసుకుంటే చాలు. మూడేళ్ళు! ఒక్క పిట్టని దానిమీద కాలు పెట్టనివ్వలేదు. కంటికి రెప్పలా చూసుకున్నాను."

చెప్పి, మెచ్చుకుంటానని నావైపు చూశారు.

ఒక్క పండూ పోలేదు, ఒక్క పండూ పోలేదు, ఒక్క పండూ పోలేదు. మూడేళ్ళు నేను రాసుకున్నది పొద గుణం కాదు, మా ఆయన డ్యూటీ. తోలులో చేదు పెరుగుతుందని నాలుగు పేజీలు రాశానే, ఆ చేదు పేరు రంగుడబ్బా.

తర్వాత నేనన్న మాటలన్నీ గుర్తులేవు. గుర్తున్నవి కూడా రాయదగ్గవి కావు. "మిమ్మల్ని ఎవడు తోలమన్నాడు?" అని అరిచింది మాత్రం పక్కింటివాళ్ళకి కూడా గుర్తుండే ఉంటుంది.

"పిట్టలు తినకూడదనే కదా నువ్వు ఏడ్చింది?" అన్నారాయన.

"వాటంతట అవి తినకూడదు! పిట్టలు తింటాయా తినవా అన్నదే పరీక్ష. తోలితే ఇంక పరీక్ష ఏముంది? పదకొండేళ్ళు వల కట్టకుండా, కాపలా పెట్టకుండా నేను చేసిందంతా మీరు... మీరొక డబ్బా తీసుకుని..."

"పరీక్షా?"

"అవును, పరీక్ష."

మొహంలో ఆ తేట ఎలా పోయిందో నేను చూశాను, చూస్తూనే ఉన్నాను.

"మరి నాకెప్పుడు చెప్పావు?" అన్నారు.

కోపంగా అనలేదు. దెప్పిపొడవడం ఆయనకి రాదు. నేనెప్పుడో చెబితే తనే మర్చిపోయారేమోనని, తన తప్పెక్కడుందో వెతుక్కుంటున్నట్టు అడిగారు. ఆయన రెండు చేతులూ బల్లకి ఆనించి మెల్లగా లేచి, ఆఖరి గుండీ పెట్టుకుని, టైమైందని వెళ్ళిపోయారు.

మర్నాడు అల్లుడుగారు పిలిచారు. ఉత్తరాల నకళ్ళు ఆయన బల్లమీద ఉన్నాయి, వాటిమీద బరువుకి నా వ్యాసం ఉన్న పత్రిక. "ఏమ్మా, వయసొచ్చాక చేదెక్కుతుందన్నారు. మనకే ఎక్కినట్టుంది" అన్నారు. నేను తలవంచుకు నిలబడ్డాను. "సోమవారానికల్లా కారణం కాగితం మీద పెట్టండి. ఒప్పుకోదగ్గ కారణమైతే ఆలోచిద్దాం. కాకపోతే మీకు తెలుసుగా, లారీలకి చోటు చాలడం లేదు."

నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆయన వస్తారు, పడుకుంటారు, లేచి వెళ్తారు. నా బుర్ర మాత్రం ఊరుకోలేదు. ఒక ఆశ పట్టుకుని వేలాడాను. బయటి తోటల్లో మొక్కలు చిన్నవి. తల్లిపొద పెద్దది. వచ్చే చలికాలం దాన్ని కాపలా లేకుండా వదిలితే నిలబడుతుందేమో. ఒక్క ఏడు అడుగుదాం, కాళ్ళావేళ్ళా పడి అడుగుదాం, అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆయన నా గదిలోకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ఇప్పుడు చెప్పు" అన్నారు.

"ఏమిటి చెప్పేది?"

"నువ్వు చేసే పని. మొదటినుంచీ."

వాదించే ఓపిక లేక చెప్పాను. నోట్‌బుక్కులన్నీ వంటింటి బల్లమీద పరిచాను. కుంచె, సంచి, గింజ, నంబరు, రిబ్బన్, మంట. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, లారీ నడిపేటప్పుడు రూటు మ్యాపు చూసుకునేవారే, అలా ఒక్కో గీత వెంట వేలు నడుపుతూ చదివారు. మధ్యలో అడ్డురాలేదు. ఎనిమిదో ఏడు పుస్తకం దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ నూట పద్నాలుగు సగం పోయిందని రాశావు. అప్పటికి నేను తోలడం మొదలెట్టలేదు."

"అవును."

"అంటే దాని అసలు బలం అంతే. సగం."

చిన్నది, వయసు రాలేదు అని ఏదో గొణిగాను. ఆయన దాన్ని పట్టించుకోలేదు. పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టారు.

"ఈ ముప్పై ఒకటి ఎక్కడుండేది?"

"గోడవైపు. పసుపుపచ్చ పళ్ళది."

"ఆ ఏడు ఇది చెక్కుచెదరలేదని రాసుంది. చుట్టూ అన్నీ పోయినా. మరుసటేడు చూస్తే రెండు రోజుల్లో ఖాళీ అని ఉంది."

"అవును. అందుకే తీసేశాను."

ఆయన కళ్ళజోడు తీశారు.

"నేను నూట పద్నాలుగు మీంచి తోలితే అవి నేరుగా వెళ్ళి గోడవైపే వాలేవి. రోజూ చూశాగా. రెండు పూటలా. కడుపు కాలుతూ ఉంటుంది, తినాలనుకున్నదాని దగ్గరికి నేను రానివ్వను. ఇంకేం చేస్తాయి? దొరికింది తిన్నాయి."

నేను ఆ పేజీ నావైపు తిప్పుకున్నాను.

"అదొక్కటే కాదు కదా" అన్నారు, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. "నేనిటు తోలితే అటు వెళ్ళినవే మిగతా ముప్పై తొమ్మిదీ తిన్నాయి. అంటే ఈ మూడేళ్ళలో నువ్వు రిబ్బన్ కట్టినవాటిలో ఏది చెడ్డదో ఏది మంచిదో..." వాక్యం పూర్తిచేయలేదు. పేజీ మీద వేలు పెట్టి అడిగారు, "ముప్పై ఒకటి ఏమైంది?"

"తగలబెట్టించాను."

అల్లుడుగారు అడగని ప్రశ్న అది. మూడు తోటల్లో చదువుకున్నవాళ్ళు అడగలేదు, నా వ్యాసం అచ్చేసిన సంపాదకుడు అడగలేదు, నాకు నాలుగు రోజులు నిద్రపట్టకపోయినా తట్టలేదు. పిట్టలు ఎక్కణ్ణుంచి లేచి ఎక్కడ వాలతాయో చూసినవాడు ఆయన ఒక్కరే. మడిలో మూడేళ్ళు కళ్ళు తెరుచుకుని ఉన్నది ఆయనే. గంటసేపట్లో నా పని నాకే అర్థమయ్యేలా చెప్పారు. ఆయన నిజంగానే అర్థంకాని మనిషై ఉంటే నాకెంత హాయిగా ఉండేది! నా ఆశ కూడా అక్కడే చచ్చింది. తల్లిపొద నిలబడదు. నిలబడేదేదో నా చేతుల్తోనే మంటల్లోకి పోయింది.

"కాగితంలో నా పేరు రాయి" అన్నారాయన.

"ఏమిటి?"

"వాచ్‌మన్ ఎవరికీ చెప్పకుండా పిట్టల్ని తోలాడు, దానివల్ల పరీక్ష పాడైంది అని. అబద్ధమేం కాదుగా."

"మీ ఉద్యోగం ఉంటుందా?"

"నాది పోతే ఒక గేటు పోతుంది. నీది పోతే..." అంటూ పుస్తకాలవైపు చూశారు.

వద్దన్నాను. రెండుసార్లు వద్దన్నాను, అది మాత్రం ఒట్టేసి చెప్పగలను. మూడోసారి ఆయన అన్నప్పుడు నేనేమీ అనలేదు. ఆయన యూనిఫారం వేసుకోవడానికి లేచారు.

కాగితం ఒకటిన్నర పేజీ వచ్చింది. సిబ్బందిలో ఒకరు అనుమతి లేకుండా మూడు చలికాలాలు పిట్టల్ని తోలినందువల్ల ఎంపిక తప్పుదారి పట్టిందని రాశాను. తేదీలు రాశాను, వేళలు రాశాను, రంగుడబ్బా సంగతి కూడా రాశాను, చివర ఆయన పేరు రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎనిమిదో ఏడు సగం పోయిందన్న సంగతి రాయలేదు. ముప్పై ఒకటి గురించి రాయలేదు. పిట్టల్ని తోలకూడదని ఆ సిబ్బందిలో ఒకరికి ఎవరూ ఎన్నడూ చెప్పలేదని రాయలేదు.

అల్లుడుగారు చదివి హాయిగా వెనక్కి వాలారు. "ఓరి, ఇదా! అయితే తప్పు మీ పనిలో లేదన్నమాట." అంతలోనే కాగితం మీద ఒక చోట ఆగి, "ఈయన మీ..." అన్నారు.

"అవునండి."

"మరి చర్య తీసుకోక తప్పదమ్మా."

"తప్పదండి" అన్నాను. నా గొంతు వణకలేదు. ఆ సంగతి నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన్ని ఆ సాయంత్రమే మానిపించేశారు. నాకు ఐదేళ్ళు గడువిచ్చారు, మళ్ళీ గింజనుంచి మొదలుపెట్టమని. లారీలు ఇంకెక్కడో సర్దుకున్నాయి. నూట పద్నాలుగుకి తెల్ల రిబ్బన్ నేనే కట్టాను. పీకేటప్పుడు పనివాళ్ళు నా మొహం చూశారు కానీ నేను ఏడవలేదు. ఆఫీసులో మాత్రం నా పరపతి పెరిగింది. "కట్టుకున్నవాడని కూడా చూడకుండా ఉన్నదున్నట్టు రాసిందయ్యా" అని చెప్పుకున్నారు. అల్లుడుగారైతే కొత్తగా చేరినవాళ్ళకి నన్ను చూపించి, నిజాయితీ అంటే అదీ అన్నారు. నేను నమస్కారం పెట్టాను. పెట్టకపోతే ఇంకేం చెయ్యను?

ఆయన ఇంట్లోనే ఉంటారు. నడుం నొప్పి మనిషికి ఈ వయసులో పని ఎవరిస్తారు? వంట చేస్తారు, బట్టలు ఆరేస్తారు, నన్ను ఒక్క మాట అనరు. అంటే బాగుండు. సాయంత్రాలు ఎదురుగా కూర్చుని నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఏ పువ్వుకి ఏ పుప్పొడి పెట్టాను, ఎన్ని గింజలు మొలిచాయి, మడిని ఈసారి ఎలా విడదీశాను, ఎక్కడలేని ఉత్సాహంతో చెప్తాను. ఆయన మర్యాదగా వింటారు. పరాయివాళ్ళ ఇంటికెళ్ళినప్పుడు వాళ్ళ పిల్లల మార్కులు వింటామే, అలా. అయ్యాక, ఇంకొంచెం టీ పొయ్యనా అంటారు. ఒక్క ప్రశ్న అడగరు. ఆయన ప్రశ్న ఎంత విలువైనదో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, నాకే దొరకదు.

ఏడాది తిరిగాక గేటుకి కొత్త వాచ్‌మన్ వచ్చాడు. మంచివాడే, సెల్యూట్లూ అవీ లేవు. అతను చేరిన మర్నాడు పొద్దున నేను గంట ముందే వెళ్ళాను. మడిలో ఉన్నవి జానెడు మొక్కలు, పళ్ళు పట్టడానికి ఇంకా నాలుగేళ్ళుంది. అయినా ఆగలేకపోయాను. అతన్ని లోపలికి తీసుకెళ్ళి మొదటినుంచీ చెప్పాను. కుంచె ఎందుకు, సంచి ఎందుకు, రిబ్బన్ ఎందుకు, పిట్టలు వస్తే ఏం చెయ్యకూడదు, ఎందుకు చెయ్యకూడదు. అతను రెండు ప్రశ్నలడిగాడు, రెండింటికీ ఓపిగ్గా జవాబు చెప్పాను. "అర్థమైంది మేడం. వాటి జోలికి పోకూడదు" అన్నాడు. డ్యూటీ దిగే టైమైందేమోనని చేతి గడియారం చూసుకున్నాడు. నేనూ నాది చూసుకున్నాను.

మొత్తం చెప్పడానికి పావుగంట పట్టింది.